మంచం పక్కకొచ్చి పలకరించే కుక్క

ప్రొద్దుటూరు (మా ప్రతినిధి): ఆసుపత్రి వరండాలో కుక్క కనపడితే మనం చేసే పని ఒక్కటే... కర్ర అందుకుని అదిలించడం. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి అయినా, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయినా, పులివెందుల అయినా అంతే. అలాంటిది, కుక్కకు స్నానం చేయించి, మెడకు పట్టీ కట్టి, రోగి మంచం దగ్గరికి నడిపించుకెళ్లే ఊళ్లున్నాయంటే నమ్ముతారా? రోగి తల నిమురుతాడు. కుక్క మంచం పట్టె మీద గడ్డం ఆనించి చూస్తుంది. మందూ లేదు, సూదీ లేదు.

న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్‌సన్ అనే పిల్లల మానసిక నిపుణుడు ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ని తల్లిదండ్రులు చెప్పిన వేళకన్నా ముందే తీసుకొచ్చారు. ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. అది గబగబా వెళ్లి పిల్లవాణ్ని నాకింది. వాడు బెదరకపోగా దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. 1960ల తొలి ఏళ్లలో ఆయన ఈ సంగతి సభలో చెబితే తోటివాళ్లలో నవ్వినవాళ్లూ ఉన్నారు. కానీ 1976లో అమెరికాలోనే ఎలైన్ స్మిత్ అనే నర్సు ఇలాంటి కుక్కల కోసం సంస్థనే పెట్టారు. 1991లో హాంగ్‌కాంగ్‌లో జిల్ రాబిన్‌సన్ తన కుక్క మ్యాక్స్‌తో ‘డాక్టర్ డాగ్’ మొదలుపెట్టారు. అదే పేరుతో మన పక్కనున్న చెన్నైలో బ్లూక్రాస్ వారు కూడా నడిపారు.

ఏ కుక్క పడితే ఆ కుక్క పనికిరాదు. జాతి కాదు, గుణం చూస్తారు. పళ్లెం దభీమని కిందపడినా ఉలికిపడి మొరగకూడదు. చక్రాల కుర్చీ, చంక కర్ర చూసి బెదరకూడదు. కొత్తవాళ్లు చెవి పట్టుకున్నా, తోక లాగినా పళ్లు చూపకూడదు. టీకాలు, నులిపురుగుల మందు తప్పనిసరి. గోళ్లు కత్తిరించాలి. పట్టుకునే మనిషి పక్కనుంచి కదలరాదు. కుక్కా అలిసిపోతుంది కాబట్టి గంటకు మించి తిప్పరు. ఇంతా చేసి అది జబ్బును నయం చేయదు. గుబులు తగ్గిస్తుంది, మాట పెగిలిస్తుంది... అంతవరకే.

ఆ అంతవరకే చాలనుకునేవాళ్లు మన పల్లెల్లో తక్కువా? కొడుకు కువైట్‌లో, కూతురు బెంగళూరులో. అవ్వ ఒక్కతే ఇంట్లో. వాకిట్లో పడుకునే కుక్కకు సంగటి ముద్ద వేస్తూ దానితోనే నాలుగు మాటలు చెప్పుకుంటుంది. ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చిన రోజున కుక్క ఊళ్లోనే ఉండిపోతుంది. అవ్వకు మందులు వేళకు అందుతాయి. మాటలు?

అయితే అందరినీ అడిగి చేయవలసిన పని ఇది. మడి కట్టుకునే అవ్వలున్నారు. కుక్క నోరు తగిలితే కడుక్కోవలసిన నియమం ఉన్న ముస్లిం కుటుంబాలున్నాయి. చిన్నప్పుడు కరిపించుకుని ఈనాటికీ వణికేవాళ్లున్నారు. వద్దన్న మంచం దగ్గరికి కుక్క పోకూడదు. పచ్చి పుండ్లున్నవాళ్లు, క్యాన్సరు మందులతో ఒంట్లో శక్తి తగ్గినవాళ్లు దూరంగా ఉండాలి. తాకినవాళ్లు చేతులు కడుక్కోవాలి.

ఇంకొకటీ ఉంది. ఆసుపత్రులు, బడులు, బస్టాండ్ల ఆవరణల్లోని వీధికుక్కలను తొలగించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించింది. తప్పుపట్టడానికి లేదు. ప్రపంచంలో పిచ్చికుక్క కాటు జబ్బుతో పోయేవారిలో మూడో వంతు మన దేశంవాళ్లే. కరిస్తే పసుపు, కారం, నాటుమందు అంటూ కాలయాపన చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు సూది పడ్డాక 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. రెండు సూదులతో మానేయరాదు.

కాబట్టి వార్డులోకి కుక్క రావడానికి ముందు వాకిట్లోని కుక్కకు టీకా పడాలి. ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల ఉంది. దగ్గరలోని పశువుల ఆసుపత్రిలోనూ అడగవచ్చు. ఎద్దును తోలుకెళ్లినట్టే కుక్కనూ పట్టుకెళ్లి ఏటేటా వేయించి, చీటీ భద్రంగా దాచుకోండి. రేపు ఏ ఆశ్రమంవాళ్లయినా కుక్కను లోపలికి రానివ్వాలంటే మొదట అడిగేది ఆ చీటీనే.