పెరటి కోడిపిల్లలకు గద్దల బెడద – పరిగి ప్రాంతానికి అనువైన రక్షణ

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురానికి చేరువగా ఉన్న పరిగి మండలంలో పంటల సాగుకు తోడుగా పట్టుపురుగుల పెంపకం, పెరటి కోళ్ల పెంపకం చిన్న రైతు కుటుంబాలను ఆదుకుంటున్నాయి. పెరటి కోళ్ల మీద వచ్చే రాబడి ఎక్కువగా ఇంటి ఇల్లాలి చేతికే అందుతుంది. నాటు కోడి గుడ్లను 21 రోజులు పొదుగుతుంది. ఆ తరువాత పిల్లలను వెంట తిప్పుకొనే రెండు మూడు నెలలు గుడ్లు పెట్టదు. అందుచేత గద్ద ఒక పిల్లను తన్నుకుపోయినప్పుడు పోయేది ఆ పిల్ల ఒక్కటే కాదు, దాని కోసం తల్లి కోడి వెచ్చించిన కాలం కూడా వృథా అవుతుంది. ఈ నష్టాన్ని తప్పనిదిగా భావించి ఊరుకోవడం, లేదా గద్దను చంపడానికి పూనుకోవడం – రెండూ సరైన మార్గాలు కావు. పిల్లలు ఏ దశలో, ఏ కాలంలో, ఎటువంటి స్థలంలో చిక్కుతున్నాయో గుర్తిస్తే తక్కువ ఖర్చుతో నివారణ సాధ్యమవుతుంది.

శత్రువును గుర్తించడం

పిల్లలు తగ్గినప్పుడల్లా నింద గద్ద మీద పడుతుంది. కాని ఆనవాళ్లు వేర్వేరుగా ఉంటాయి. నల్ల గద్ద పగటివేళ ఆరుబయట వాలి పిల్లను అమాంతం ఎత్తుకుపోతుంది. అక్కడ రక్తం గాని, ఈకలు గాని సాధారణంగా మిగలవు. జాలె డేగ పావురమంత పక్షి. ఇది చెట్టుకొమ్మ మీద మాటు వేసి, నేలకు దగ్గరగా వేగంగా దూసుకువస్తుంది. వేటను సమీపంలోనే పీక్కుతింటుంది కనుక కొమ్మ కింద ఈకల కుప్ప కనబడుతుంది. కాకులు గుడ్లను, వారం పది రోజుల లోపు పిల్లలను పట్టుకుంటాయి. ఒక కాకి తల్లి కోడిని కవ్విస్తుండగా మరొకటి పిల్లను అందుకోవడం పల్లెల్లో పరిచితమైన దృశ్యమే. ఒకేసారి అనేక పిల్లలు చచ్చి పడి ఉంటే, లేదా గూటిలో రక్తపు మరకలు ఉంటే, అది పిల్లి, ముంగిస వంటి నేల జంతువుల పని అయి ఉంటుంది. పైన కట్టిన వల వాటిని ఆపదు. అందుచేత రక్షణకు ఖర్చు పెట్టేముందు శత్రువు ఏదో తేల్చుకోవాలి.

వయసు కంటే బరువు ముఖ్యం

గద్ద తాను మోయగలిగిన బరువునే ఎత్తుకుపోతుంది. నల్ల గద్ద బరువు కిలోకు లోపే ఉంటుంది. జాలె డేగ అంతకంటే చాలా తేలిక. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా వంటి రకాలకు ఆరు వారాల నర్సరీ పోషణ తరువాత పెరటిలోకి విడవాలని సిఫారసు ఉంది. ఆ వయసుకు మంచి పోషణలో ఉన్న వనరాజా పిల్ల గద్ద మోయలేని బరువుకు దగ్గరపడుతుంది. పెరటిలో తిరిగి మేసే నాటు పిల్ల అదే వయసులో అందులో సగం బరువుకు కూడా చేరదు. కనుక ‘ఆరు వారాలు’ అనే సూచనను నాటు కోళ్లకు యథాతథంగా వర్తింపజేయరాదు. వాటికి మరికొన్ని వారాలు రక్షణ కొనసాగించాలి.

మరొక భేదం కూడా గమనింపదగినది. కోళ్లు ఆకాశం నుంచి వచ్చే అపాయానికి ఒక విధంగా, నేల మీద వచ్చే అపాయానికి మరొక విధంగా కూత వేస్తాయని పరిశోధనల్లో రుజువైంది. తల్లి హెచ్చరిక వినగానే పిల్లలు చాటుకు పరుగెత్తుతాయి. హేచరీ నుంచి తెచ్చిన పిల్లలకు ఈ తల్లి రక్షణ లేదు. నాటు పిల్లలకు తల్లి ఉన్నా, పరుగెత్తి చేరడానికి దగ్గరలో చాటు లేకపోతే ఆ హెచ్చరిక నిష్ఫలమవుతుంది.

వేసవిలో ముప్పు పెరగడానికి కారణం

ఖరీఫ్‌లో కంది, మొక్కజొన్న, రాగి పైర్లు ఇంటి చుట్టూ చాటు కల్పిస్తాయి. వేరుశనగలో అంతర పంటగా వేసిన కంది, వేరుశనగ తీసిన తరువాత కూడా కొంతకాలం నిలిచి ఉంటుంది. కంది కోత పూర్తయ్యాక వర్షాలు కురిసేవరకు మెట్ట భూములు బోసిగా ఉంటాయి. నల్ల గద్ద శీతాకాలం చివరి నుంచి, జాలె డేగ వేసవిలో గూళ్లు కట్టి పిల్లలను సాకుతాయి. వాటి ఆహార అవసరం హెచ్చే కాలం, నేల మీద చాటు తగ్గే కాలం ఒకటే కావడం వల్ల జనవరి–మే మధ్య దిగిన పిల్లలకు అదనపు రక్షణ అవసరం. వీలున్నచోట పొదిగింపును వర్షాకాలానికి జరపడం ఖర్చు లేని ఉపాయం.

వల ఆవరణ

ఇంటివారు మల్బరీ ఆకు కోతకో, కూలికో వెళ్లినప్పుడు పెరడు నిర్మానుష్యంగా ఉంటుంది. అందుచేత మనిషి కాపలా లేకున్నా పనిచేసే రక్షణ కావాలి. 20 పిల్లలకు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల ఆవరణ సరిపోతుంది. పైన 2 అంగుళాల లోపు కన్ను గల వలను బిగువుగా కట్టాలి; పాత చేపల వల కూడా పనికివస్తుంది. పక్కల కింది 2 అడుగుల మేర అర అంగుళం కన్ను గల ఇనుప జాలీ వేసి, దాని అంచును అర అడుగు లోతున పాతితే ముంగిస తవ్వి లోపలికి రాలేదు. సగభాగం మీద షేడ్ నెట్ లేదా కొబ్బరి మట్టలు పరచాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే వేసవిలో పిల్లలు వేడికి సొమ్మసిల్లుతాయి. సన్నని నైలాన్ వలల్లో పాములు, పక్షులు చిక్కుకొనే అవకాశం ఉన్నందున రోజూ పరిశీలించాలి. మొదటి రెండు వారాలకు సంప్రదాయ వెదురు గంపే చాలు.

పెద్ద పెరడు మొత్తానికి వల కట్టడం భారమైనచోట 7 అడుగుల ఎత్తున, అడుగున్నర ఎడంతో దారాలు కట్టి రంగు గుడ్డ పేలికలు వేలాడదీయవచ్చు. ఇది వాలుగా దిగే గద్దను కొంతవరకు ఆటంకపరుస్తుంది. నేలబారుగా వచ్చే జాలె డేగను ఆపలేదు. మెరిసే రిబ్బన్లకు పక్షులు త్వరలోనే అలవాటుపడతాయి. వాటిని కొద్ది రోజులకొకసారి స్థలం మార్చాలి.

నేలమట్టపు చాటు

పిల్ల ఎక్కడ ఉన్నా ఐదారు అడుగుల్లో ఒక చాటు అందాలి. జనవరిలో చేతికి వచ్చే కంది కట్టె ఇందుకు చక్కగా ఉపయోగపడుతుంది. కట్టలను గుడారం వలె ఏటవాలుగా నిలబెట్టి, రెండు వైపులా దారి వదలాలి. కుప్పగా పోస్తే పాములు, ముంగిసలు చేరతాయి. వేప, చింత వంటి పెద్ద చెట్లు నీడనిస్తాయి గాని డేగ మాటు వేయడానికి కూడా అవే ఆధారం. కావున చెట్టు కింద తప్పనిసరిగా గుడారాలు ఉంచాలి.

నీటి వసతి గల మల్బరీ తోట వేసవిలో మంచి చాటు. అయితే కొమ్మలు కత్తిరించిన తరువాత మళ్లీ చిగురు గుబురయ్యేవరకు అది ఆరుబయలుతో సమానం. పురుగుమందు చల్లిన తోటలోకి కోళ్లను ఎట్టి పరిస్థితిలోనూ విడవరాదు.

ఆకర్షణలు తగ్గించడం

మాంసపు వ్యర్థాలు, చనిపోయిన కోడిపిల్లలు, జబ్బుపడి చచ్చిన పట్టుపురుగులు, రీలింగ్ తరువాత మిగిలిన ప్యూపాలు బయట పారవేస్తే గద్దలు, కాకులు ఆ పరిసరాలకు మరుగుతాయి. వీటిని పూడ్చిపెట్టాలి. దాణాను కప్పు కింద పెడితే కాకుల రాకతో పాటు వాటి ద్వారా వ్యాపించే రోగాల ముప్పు కూడా తగ్గుతుంది.

చంపడం పరిష్కారం కాదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం గద్దలను, డేగలను చంపడం, వాటి గూళ్లను పాడుచేయడం నేరం. విషపు ఎర కుక్కలను, పెంపుడు కోళ్లను కూడా బలిగొంటుంది. పైగా డేగలు పొలాల్లో ఎలుకలను, మిడతలను తిని పైరుకు మేలు చేస్తాయి. ఒక గద్ద పోయినా, చాటులేని పెరడు మరొక గద్దను పిలుస్తుంది. ఇదే జిల్లాలో చిలమత్తూరు మండలం వీరాపురం గ్రామస్థులు ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను తమ ఇళ్ల చెట్ల మీద కాపాడుకుంటున్నారు. పక్షులతో కలిసి బ్రతికే సంప్రదాయం ఈ నేలకు కొత్త కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రామ సందర్శనలో ప్రతి నష్టానికీ తేదీ, వేళ, పిల్ల వయసు, బరువు, సమీప చాటుకు దూరం, కనబడిన ఆనవాళ్లు – ఈ ఆరు వివరాలు నమోదు చేయించాలి. ఒక ఏడాది నమోదు ఉంటే ఏ ఇంటికి గంప చాలునో, ఏ ఇంటికి వల అవసరమో, ఎక్కడ కంది కట్టె గుడారంతోనే పని జరుగునో ఆ కుటుంబమే నిర్ణయించుకోగలుగుతుంది.