70 పౌండ్లతో పుట్టిన 'టైమ్ అవుట్'.. ప్రింట్ ఎందుకు ఆగింది?

ఈ రోజు ఏ థియేటర్‌లో ఏ సినిమా ఉందో తెలియాలంటే ఫోన్ తీస్తే చాలు. 1968లో లండన్‌లో అంత ఈజీ కాదు. అప్పుడే టోనీ ఇలియట్ అనే విద్యార్థి, పుట్టినరోజుకు బంధువు ఇచ్చిన 70 పౌండ్లతో 'టైమ్ అవుట్' మొదలుపెట్టారు. సినిమాలు, నాటకాలు, కచేరీలే కాదు.. నిరసన సభల వివరాలూ అందులో ఉండేవి.

పత్రికలో అందరికీ ఒకే జీతం. 1981లో ఆ పద్ధతి మార్చబోతే సిబ్బంది సమ్మెకు దిగారు. కొందరు బయటకొచ్చి పోటీగా 'సిటీ లిమిట్స్' పెట్టారు. అది 1993లో మూతపడింది.

ఇంటర్నెట్‌లో ఈ సమాచారం ఫ్రీగా దొరకడంతో కొనేవాళ్లు తగ్గారు. 2012లో పత్రికను ఉచితం చేశారు, ప్రకటనలే ఆధారం. 2022 జూన్‌లో లండన్ ప్రింట్ ఎడిషన్ ఆగిపోయింది. పేరు మాత్రం వెబ్‌సైట్‌లో బతికే ఉంది.