ఇల్లాలి జబ్బు - ప్రజాభిప్రాయము

ఇంట నెవరికి జ్వరము వచ్చినను ఇల్లాలు నిద్ర మాని సేవ చేయును. జబ్బు తనకే వచ్చినచో, "అదే తగ్గును లెమ్ము" అని పనిలో పడును. వైద్యుని ఖర్చు ముందుగా మిగిల్చునది తన దేహము మీదనే గదా! ఇది మన యిండ్లలోని మాట మాత్రమే కాదు.

ఇంగ్లండులో 1911వ సంవత్సరపు బీమా చట్టము పనివానికి వైద్యుని జూపెను. భార్యకు కానుపునాడు కొంత సొమ్ము దక్కెనే గాని, ఆమె జబ్బునకు వైద్యుడు లేడు. భర్తకు మందు, భార్యకు ఓర్పు!

1942లో బెవరిడ్జి నివేదిక వెలువడగా ప్రజలు బారులు తీరి కొనిరి. అందఱకును ప్రభుత్వ వైద్యము 1948 జూలై 5వ తేదీన, బెవన్ మంత్రిగా నుండగా, ఆరంభమయ్యెను. అంతకు కొన్ని నెలల ముందు వైద్యుల సంఘము వోట్లు తీయగా, పదింట సుమారు తొమ్మండుగురు వద్దనిరి. తమ స్వాతంత్ర్యము పోవునని వారి భయము. కాని తలుపులు తెఱచినంతనే, కానుపుల వలన కలిగిన బాధలను ఏండ్ల తరబడి దాచుకొన్న స్త్రీలు వైద్యుల కడకు వచ్చిరి. వారి అభిప్రాయమును అంతవఱకు అడిగినవా రెవరు?

ఇట్టి వైద్యము ఉచితమందురు. నిజమునకు, ఆరోగ్యముగా నున్ననాడు అందఱును పన్నుగా చెల్లించుదురు. జబ్బుపడిననాడు చాలవఱకు సొమ్మడుగరు. అక్కడివారి తృప్తి మాత్రము తఱుగుచు వచ్చినది. 2010లో నూటికి 70 మంది తృప్తిపడగా, 2024లో 21 మందియే తృప్తిపడిరి. చికిత్సకై నెలల తరబడి వేచియుండుట ముఖ్యకారణము. అయినను, వైద్యము అందఱకును ఉచితముగా నుండవలెనను నియమమును అత్యధికులు విడువలేదు. ఇల్లు కురియుచున్నదని కప్పు నేయించుకొందుము గాని, ఇల్లు కూల్చుకొందుమా?

మన దేశమున 1946లో భోర్ సంఘము, సొమ్ము లేదని ఎవరికిని వైద్యము తప్పరాదని తెల్పెను. తెలుగునాట 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, ఆస్పత్రిలో చేరవలసిన పెద్ద జబ్బులకు పేదలను ఆదుకొన్నది. కాని నిత్యము మ్రింగు మాత్రల ఖర్చు అనేక గృహములలో నేటికిని ఇంటివారిదే. ఆ ఖర్చు తగ్గింపవలసి వచ్చినప్పుడు మొదట ఎవరి మాత్రలు మానుదురో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు.

ప్రజాభిప్రాయమనగా సభలలో మాటలాడువారిది మాత్రమే కాదు. దాచిన జబ్బు ఏ లెక్కలోను చేరదు. కావున, సోదరీమణులారా, మీ నొప్పిని ముందు ఇంటిలో చెప్పుడు, పిదప వైద్యునితో చెప్పుడు, వోటు వేయునాడు ప్రభుత్వమునకును చెప్పుడు. మీరు చెప్పిననాడే ఆ అభిప్రాయము సంపూర్ణమగునని మా విశ్వాసము.