‘ఫిజీషియన్’: పదము, దాని అర్థము, దాని బాధ్యత

వైద్యునికి ఆంగ్లంలో వాడే మాటలలో ‘ఫిజీషియన్’ ఒకటి. మన పట్టణాలలో ఏ వీధికి వెళ్ళినా ‘జనరల్ ఫిజీషియన్’ అనే బోర్డు కనిపిస్తుంది. అయితే డాక్టరుకూ ఫిజీషియనుకూ భేదమేమిటి? మనవారు తరతరాలుగా వాడుతున్న హకీమ్, తబీబ్ అనే మాటలకూ దీనికీ సంబంధమున్నదా? ఈ ప్రశ్నలు కేవలం నిఘంటువుకు చెందినవి కావు. రోగి తన ప్రాణాన్ని ఎవరి చేతిలో పెడుతున్నాడో ఆ మనిషి బిరుదుకు అర్థం తెలిసి ఉండటం అవసరం.

గ్రీకు భాషలో ‘ఫుసిస్’ అనగా ప్రకృతి, స్వభావము. ఈ మాట లాటిన్, ప్రాచీన ఫ్రెంచి భాషల మీదుగా ప్రయాణించి పదమూడవ శతాబ్దంలో ‘ఫిజీషియన్’ అనే రూపంలో ఆంగ్లంలో ప్రవేశించింది. శరీర స్వభావాన్ని ఎరిగినవాడు అని దాని మూలార్థము. పాత ఆంగ్లంలో ‘ఫిజిక్’ అంటే మందు, వైద్యవిద్య. ‘ఫిజిక్స్’ అంటే భౌతికశాస్త్రము. రెండూ ఒకే వేరు నుండి మొలిచినవే. ఫిజీషియన్ అనే మాట అప్పటికే వైద్యుల సొత్తు అయిపోయినందున, భౌతిక శాస్త్రవేత్తకు వేరొక పేరు కావలసి వచ్చి 1840లో విలియం హ్యూయెల్ అనే ఆంగ్ల పండితుడు ‘ఫిజిసిస్ట్’ అనే మాటను కల్పించాడు.

‘డాక్టర్’ అనే మాట వేరు. లాటిన్‌లో దానికి బోధించేవాడు అని అర్థము. అది విశ్వవిద్యాలయ పట్టాను తెలుపుతుంది. అందుచేతనే చరిత్రలోనో సాహిత్యంలోనో పరిశోధన చేసి పట్టా పొందినవారు కూడా డాక్టర్లే, కాని వారు ఫిజీషియన్లు కారు. ఇక ‘సర్జన్’ అనే మాటకు గ్రీకు మూలంలో చేతిపని అని అర్థము. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ రాజు అనుమతితో 1518లో ఫిజీషియన్ల కళాశాల ఏర్పడింది. శస్త్రచికిత్సకులు మాత్రం 1540 నుండి 1745 వరకు మంగలివారితో కలిసి ఒకే సంఘంలో ఉండిరి. ఆనాటి గుర్తుగా నేటికీ బ్రిటన్‌లో సర్జన్లను డాక్టర్ అనక ‘మిస్టర్’ అనే పిలుస్తారు.

నేటి వాడుకలోనూ దేశానికీ దేశానికీ తేడా ఉన్నది. బ్రిటన్‌లో ఫిజీషియన్ అంటే కోత లేకుండా మందులతో చికిత్స చేసే నిపుణుడు. అమెరికాలో వైద్యపట్టాతో లైసెన్సు పొందిన ప్రతి వైద్యునికీ, సర్జనుకు కూడా, ఆ పేరు చెల్లుతుంది. మన దేశంలో జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసినవారిని ఫిజీషియన్ అనటం వాడుక. అయితే ఎం.బి.బి.ఎస్. చదివి సాధారణ వ్యాధులకు చికిత్స చేసేవారు కూడా ‘జనరల్ ఫిజీషియన్’ అని వ్రాసుకుంటారు. కనుక బోర్డు మీద పేరుతోపాటు పట్టాను కూడా చదవటం మంచిది.

అరబీలో వైద్యుడు ‘తబీబ్’. ఈ మాటలో నైపుణ్యము, మృదువుగా వ్యవహరించటము అనే భావాలు ఉన్నవి. గ్రీకు ‘ఫుసిస్’కు సమానమైన అరబీ పదము ‘తబీఅత్’. తెలుగు లిపిలో తబీబ్, తబీఅత్ ఒకే కుటుంబంగా కనిపించినా వాటి ధాతువులు వేరు; మొదటిదాని చివరి అక్షరము బా, రెండవదాని చివరి అక్షరము ఐన్. హైదరాబాదు ఇళ్ళలో ఒకరినొకరు ‘తబియత్ కైసీ హై’ అని పలకరించుకుంటారు. ఇక్కడ స్వభావమనే మాటే ఆరోగ్యమనే అర్థంలో వాడబడుతున్నది. యూనానీ వైద్యం ప్రకారం రోగాన్ని నయం చేసేది శరీరంలోని తబీఅతే, తబీబు దానికి సహాయకుడు మాత్రమే. ఫిజీషియన్ అనే మాటలో దాగిన భావము కూడా ఇదే.

‘హకీమ్’ అనగా హిక్మత్, అనగా వివేకము గలవాడు. అధికారి అనే అర్థమిచ్చే ‘హాకిమ్’ వేరు. దివ్య ఖుర్ఆన్‌లో అల్ హకీమ్ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. రాజీ, ఇబ్ను సీనా వంటి వైద్యులు తత్వవేత్తలు కూడా అయినందున ఈ బిరుదు వైద్యులకు నిలిచిపోయింది. ఇబ్ను రుష్ద్ అయితే వైద్యుడే కాక ఖాజీ కూడా. 1846లో హైదరాబాదులో పాశ్చాత్య వైద్యం నేర్పే పాఠశాల ప్రారంభమైనప్పుడు బోధన ఉర్దూలో సాగింది. ఉత్తీర్ణులకు ఇచ్చిన బిరుదు ‘హకీమ్’. విద్య కొత్తదే అయినా ప్రజలు విశ్వసించిన పేరు పాతదే. తెలుగువారి ‘వైద్యుడు’ అనే మాటకు కూడా మూలము విద్యయే.

ఫుసిస్, హిక్మత్, విద్య: దారులు వేరైనా ఈ పేర్లన్నీ చెప్పేది ఒక్కటే, ‘ఇతనికి తెలుసు’ అని. అందుచేత తెలియనివాడు ఈ పేరు పెట్టుకుంటే అది అబద్ధపు సాక్ష్యమవుతుంది. వైద్యం తెలిసినవాడుగా పేరులేకుండా చికిత్స చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడు అనే భావం గల దైవప్రవక్త (స) హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్ను మాజా గ్రంథాలలో ఉన్నది. నిపుణుడైన వైద్యుడు అనుమతితో, పద్ధతి ప్రకారం, నిర్లక్ష్యం లేకుండా చికిత్స చేసినా హాని కలిగితే అతనిపై పరిహారం లేదని ధర్మశాస్త్రవేత్తలు వివరించారు. అంటే అజ్ఞానానికి శిక్ష, నిజాయితీకి రక్షణ.

బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వలన రోగి మరణించగా, 931లో ఖలీఫా ముఖ్తదిర్ పరీక్ష లేకుండా ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించినట్లు వైద్యుల చరిత్రకారుడు ఇబ్ను అబీ ఉసైబిఆ వ్రాశాడు. సినాన్ బిన్ సాబిత్ అనే వైద్యుడు పరీక్షించి, ఎవరికి ఏది తెలుసునో దానికి మాత్రమే అనుమతి ఇచ్చేవాడు. వెయ్యేళ్ళ తరువాత 1996లో మన సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో, తాను చదవని వైద్య విధానంలో చికిత్స చేసేవాడు ఆ విధానం మేరకు నకిలీ వైద్యుడే అని నిర్ణయించింది.

కాబట్టి ఫిజీషియన్ అన్నా, హకీమ్ సాహెబ్ అన్నా, ఆ పేరు గౌరవంతోపాటు అమానతు కూడా. దాని హద్దు తెలిసి, తనకు తెలియని రోగిని తెలిసినవారి వద్దకు పంపే వైద్యుడే ఆ పేరును నిలబెడతాడు. ‘మీరు ఏమి చదివారు?’ అని వినయంగా అడిగే రోగి ఆయనను అవమానించటం లేదు. ఆ పేరులో ఉన్న వాగ్దానాన్నే గుర్తు చేస్తున్నాడు.