ఆ నల్లరాయిని గట్టు మీదకి విసిరేయకండి!

కలుపు తీస్తుంటే చేతికి నున్నటి నల్లరాయి తగిలిందా? ఒక కొస సన్నగా, రెండోది వెడల్పుగా, వంపు తిరిగిన అంచుతో ఉందా? అయితే అది కొత్త రాతియుగపు గొడ్డలి కావచ్చు. వయసు 3,000 నుంచి 5,000 ఏళ్ళు! దక్కను పల్లెల్లో వీటిని పిడుగుతో పడ్డ రాళ్ళనుకుని రావిచెట్టు కింద పెట్టి పూజించేవారు. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు లెండి) 1957లో తవ్విన బూడిదగుట్ట ఆనాటి పశువుల దొడ్డే. అక్కడి పేడ కాలి గుట్టయింది.

మరి అది వాగులో దొర్లిన గులకరాయి కాదని ఎలా చెప్పడం? వాగు రాయిని నునుపు చేస్తుంది గానీ అంచు పెట్టదు. మనిషి నూరిన రాయికి రెండు ముఖాలూ సమంగా వాలి, కత్తిపీట అంచులా ఒకచోట కలుస్తాయి.

చెకుముకిరాతి పెచ్చులతో కాస్త జాగ్రత్త. దెబ్బ తగిలినచోట చిన్న ఉబ్బు, దాన్నుంచి అలల్లాంటి గీతలు కనిపించాలి. ట్రాక్టరు నాగలి తగిలినా పెచ్చు లేస్తుంది కదా, అందుకని ఒక్కటి చూసి మురిసిపోకండి. నాగలి దెబ్బ రంగు కొత్తగా, తేటగా ఉంటుంది. పాత పెచ్చు రంగు మాసి ఉంటుంది.

దొరికితే పీచుతో తోమకండి. వాడిన గుర్తులు అంచు మీదే ఉంటాయి. అల్లం దంచడానికి అసలే వద్దు! ఏ చేను, ఏ మూల అన్నది చీటీ మీద రాసిపెట్టండి. చోటు తెలియకపోతే ఆ రాయి చెప్పే కబురు సగం పోయినట్టే. అక్కడ ఇంకా తవ్వకుండా పురావస్తు శాఖ వారికి కబురు పెట్టండి.