మనసులు విరిగినా.. పాట విరగలేదు

* కాపురాలు కూలుతుండగానే ప్రాణం పోసుకొన్న ‘రూమర్స్‌’
* అరిగిపోయిన టేపును చెవితోనే సరిజోడించి బతికించిన నిపుణులు
* 4 కోట్లకు పైగా ప్రతులు.. దశాబ్దాలు గడిచినా తగ్గని ఆదరణ

విడిపోయిన దంపతులు ఒకే గదిలో కూర్చోవడమే కష్టం. అలాంటిది, నిన్నటి భర్త గిటార్‌ వాయిస్తుండగా, భార్య తన కొత్త ప్రేమను గురించి పాడవలసి వస్తే? తనను నిందిస్తూ మాజీ ప్రియుడు రాసిన పాటకు ఆ ప్రియురాలే గొంతు కలపవలసి వస్తే? 1976లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అయిదుగురు సంగీతకారులు ఇలాంటి పరిస్థితిలోనే ఒక ఆల్బమ్‌ను రూపొందించారు. ఆ బృందం పేరు ‘ఫ్లీట్‌వుడ్‌ మాక్‌’. 1977 ఫిబ్రవరి 4న విడుదలైన ఆ ఆల్బమ్‌ పేరు ‘రూమర్స్‌’. అంటే వదంతులు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌ల వరుసలో దానికి నేటికీ స్థానముంది.

రూమర్స్‌ గాథను సాధారణంగా కలహాల గాథగానే చెబుతారు. కలహం పాటకు వస్తువును ఇవ్వగలదు గాని, పాటను నిలబెట్టలేదు. ఒకరినొకరు క్షమించలేని రోజుల్లో కూడా ఒకరి పాటకు మరొకరు తమ విద్యను దాచుకోకుండా అందించడమే ఈ ఆల్బమ్‌ విశేషం. అది రూపుదిద్దుకొన్న తీరును గమనిస్తే ఈ సంగతి బోధపడుతుంది.

లండన్‌ నుంచి కాలిఫోర్నియాకు..

ఫ్లీట్‌వుడ్‌ మాక్‌ 1967లో లండన్‌లో బ్లూస్‌ సంగీత బృందంగా పుట్టింది. స్థాపకుడు పీటర్‌ గ్రీన్‌ గొప్ప గిటార్‌ విద్వాంసుడు. అయినా బృందానికి తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్స్‌ వాయించే మిక్‌ ఫ్లీట్‌వుడ్‌, బేస్‌ గిటార్‌ వాయించే జాన్‌ మెక్‌వీ పేర్లను కలిపి పెట్టారు. 1970లో గ్రీన్‌ వైదొలగారు. అదే ఏడాది జాన్‌ భార్య, పియానో కళాకారిణి, గాయని క్రిస్టీన్‌ మెక్‌వీ బృందంలో చేరారు.

బృందం అమెరికాకు తరలివెళ్లాక, 1974 చివర్లో ఫ్లీట్‌వుడ్‌ ఒక స్టూడియోను చూసేందుకు లాస్‌ ఏంజెలిస్‌లోని ‘సౌండ్‌ సిటీ’కి వెళ్లారు. అక్కడి ధ్వని నాణ్యతను చూపడానికి వినిపించిన పాటలో గిటార్‌ ఆయనను ఆకట్టుకొంది. వాయించింది లిండ్సే బకింగ్‌హామ్‌. బృందంలోకి రమ్మంటే, తన ప్రేయసి, సహగాయని స్టీవీ నిక్స్‌ను కూడా తీసుకొంటేనే వస్తానని ఆయన షరతు పెట్టారు. అలా ఇద్దరూ చేరారు. కొత్త కూర్పుతో 1975లో వెలువడిన ఆల్బమ్‌ మెల్లమెల్లగా పుంజుకొని, ఏడాదికి పైగా గడిచాక 1976 సెప్టెంబరులో అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరింది. తదుపరి ఆల్బమ్‌పై అంచనాలు ఆకాశాన్నంటాయి. సరిగ్గా ఆ సమయానికే ఇంటి గోడలు బీటలు వారాయి.

మూడు బంధాలు తెగిన వేళ..

1976 ఆరంభంలో బృందం శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని సాసలీటో పట్టణంలో ‘రికార్డ్‌ ప్లాంట్‌’ స్టూడియోకు చేరింది. కిటికీలు అంతగా లేని చెక్క భవనం అది. దాదాపు ఎనిమిదేళ్ల కాపురం తర్వాత జాన్‌, క్రిస్టీన్‌ అప్పటికే విడిపోయారు. సంగీతం గురించి తప్ప మరో మాట మాట్లాడుకోవడం లేదు. బకింగ్‌హామ్‌, నిక్స్‌ ప్రేమబంధం కూడా తెగిపోయే దశలో ఉంది. తన భార్య తన మిత్రుడికే దగ్గరైందని ఫ్లీట్‌వుడ్‌కు తెలిసింది. పురుషులు ఒకచోట, స్త్రీలిద్దరూ మరోచోట బస చేశారు. రాత్రంతా రికార్డింగు, మద్యం, కొకైన్‌- ఇదీ దినచర్య.

పాటలు రాసేవారు ముగ్గురు: క్రిస్టీన్‌, బకింగ్‌హామ్‌, నిక్స్‌. ముగ్గురూ రాసింది తమ బతుకులనే. ఒకరి గురించి మరొకరు పాటల్లో దినచర్య రాసుకొంటున్నట్లుగా ఉందని గమనించి, ‘రూమర్స్‌’ అన్న పేరును సూచించింది జాన్‌ మెక్‌వీయే. చిత్రమేమంటే, అయిదుగురిలో ఈ ఆల్బమ్‌ కోసం సొంతంగా పాట రాయనివారు ఫ్లీట్‌వుడ్‌తోపాటు ఆయన ఒక్కరే.

ఎవరి పాట.. ఎవరి వాద్యం

‘గో యువర్‌ ఓన్‌ వే’ పాటను బకింగ్‌హామ్‌ నిక్స్‌ను ఉద్దేశించి రాశారు. అందులో తన నడవడిని తప్పుపట్టే పంక్తి నిజం కాదని, దాన్ని తొలగించాలని ఆమె కోరారు. ఆయన తొలగించలేదు. అయినా ఆ పాటకు ఆమె వంత పాడారు. రికార్డింగులోనే కాదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వేదికల మీదా పాడారు.

ఆమె జవాబు ‘డ్రీమ్స్‌’ రూపంలో వచ్చింది. స్టూడియోలో మరో సంగీతకారుడు స్లై స్టోన్‌ కోసం కట్టిన గదిలో ఒంటరిగా కూర్చొని, చిన్న విద్యుత్‌ పియానో, ఒక క్యాసెట్‌ రికార్డరు సాయంతో సుమారు పది నిమిషాల్లో ఆమె దాన్ని కూర్చారు. ఆదిమధ్యాంతాల్లో ఒకే స్వరాల వరుస తిరుగుతుండటంతో పాట చప్పగా ఉందని క్రిస్టీన్‌కు మొదట తోచింది. అదే స్వరాలకు భాగభాగానికీ వేర్వేరు వాద్య అలంకరణ చేసి, మూడు భిన్న ఘట్టాలుగా తీర్చిదిద్దినది బకింగ్‌హామ్‌. తన మీదే ఎక్కుపెట్టిన పాటకు ఆయనే మెరుగులు దిద్దారన్నమాట. అమెరికా సింగిల్స్‌ జాబితాలో ఫ్లీట్‌వుడ్‌ మాక్‌కు మొదటి స్థానం తెచ్చిన ఏకైక పాట ఇదే.

క్రిస్టీన్‌ రాసిన ‘యు మేక్‌ లవింగ్‌ ఫన్‌’ బృందం దీపాలంకరణ నిర్వాహకుడితో తన కొత్త ప్రేమను గురించినది. గొడవ తప్పించేందుకు అది తన పెంపుడు కుక్క గురించి రాసిన పాటని జాన్‌తో చెప్పారట. ఆ పాటకు ప్రాణమైన బేస్‌ వాద్యం జాన్‌దే. విడిపోయిన జాన్‌కు ధైర్యం చెబుతూ ఆమె రాసిన ‘డోంట్‌ స్టాప్‌’లోనూ ఆయనే వాయించారు. అది తన గురించేనని చాలాకాలం తెలియలేదని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పారు.

‘సాంగ్‌బర్డ్‌’ది వేరే దారి. పియానో, కంఠం మాత్రమే ప్రధానమైన ఆ పాట స్టూడియోలో కుదరదని భావించి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆడిటోరియంలో, ప్రేక్షకులు లేని ఖాళీ హాలులో క్రిస్టీన్‌ చేత రాత్రివేళ పాడించారు. ఆ పాటలో వినిపించే విశాలత ఆ హాలుదే.

బ్లేడుతో కోసి.. అతికించి

అయిదుగురూ రచయితలుగా పేరు పంచుకొన్న పాట ఒక్కటే: ‘ది చైన్‌’. అంటే గొలుసు. క్రిస్టీన్‌ మొదలుపెట్టిన ఒక పాటలో చివరి భాగం తప్ప మిగిలినది ఎవరికీ నచ్చలేదు. దాన్ని తీసేసి, నిక్స్‌ విడిగా రాసుకొన్న సాహిత్యానికి కొత్త బాణీ చేర్చి, టేపు ముక్కలను బ్లేడుతో కోసి అతికించారు. నడుమ పాట ఆగి, జాన్‌ బేస్‌ గిటార్‌ ఒంటరిగా లేచే ఘట్టం బ్రిటన్‌ ప్రజలకు చిరపరిచితం. బీబీసీ తన ఫార్ములా వన్‌ కార్ల పందేల ప్రసారాలకు దాన్నే ఏళ్ల తరబడి ముఖగీతంగా వాడుకొంది. తెగిన ముక్కలతో తయారైన పాటకు గొలుసని పేరు పెట్టడం ఆ బృందానికే చెల్లింది.

అరిగిన టేపు.. ఆదుకొన్న నకలు

అదే కాలంలో మద్రాసు స్టూడియోల్లో సినిమా పాటంటే గాయకులు, వాద్యకారులు కలిసి కూర్చొని ఏకబిగిన పూర్తిచేయడమే పద్ధతి. రూమర్స్‌ తయారైన విధానం భిన్నమైనది. రెండంగుళాల వెడల్పు గల టేపు మీద పక్కపక్కనే 24 వరుసలుంటాయి. డ్రమ్స్‌ కొన్నింటిలో, గిటార్‌ ఒకదానిలో, కంఠం మరోదానిలో విడివిడిగా నమోదవుతాయి. ఒక్కొక్కరు వచ్చి తమ భాగాన్ని తర్వాత చేర్చవచ్చు. ఒకరి ముఖం ఒకరు చూడలేని బృందానికి ఇది ఒకరకంగా వరం.

అయితే, కొత్త భాగం చేర్చిన ప్రతిసారీ టేపును మొదటి నుంచి తిప్పాలి. ఇష్టమైన క్యాసెట్‌ను పదేపదే వేస్తే మోత మందగించడం అందరికీ అనుభవమే. టేపు మీది అయస్కాంతపు పూత యంత్రం ముఖానికి రాసుకొని కొద్దికొద్దిగా రాలిపోతుంది. ముందుగా పోయేది పదునైన, హెచ్చుస్థాయి ధ్వనులే. నెలల తరబడి సాగిన పని తర్వాత డ్రమ్స్‌లో జీవం పోయిందని బృందంతో కలిసి ఆల్బమ్‌ను నిర్మిస్తున్న కెన్‌ కేలట్‌, రిచర్డ్‌ డాషట్‌ గుర్తించారు. అప్పటికి శ్రమంతా ఆ ఒక్క టేపు మీదే ఉంది.

అదృష్టవశాత్తు సాసలీటోలో మూల వాద్యాలను నమోదు చేసినప్పుడు రెండో టేపు మీదా తీసి భద్రపరిచారు. దాన్ని ఎక్కువగా తిప్పలేదు కనుక డ్రమ్స్‌ చెక్కుచెదరలేదు. కానీ తర్వాత చేర్చిన కంఠాలు, గిటార్లు పాత టేపు మీదే ఉన్నాయి. రెంటినీ కలపాలంటే రెండు యంత్రాలు రెప్పపాటు తేడా లేకుండా కలిసి నడవాలి. ఒక నిపుణుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఒక చెవిలో పాత టేపు, రెండో చెవిలో కొత్త టేపు వింటూ, చేత్తో వేగాన్ని సవరిస్తూ పాట పాటనూ జతపరిచారు. నేడు శ్రోతలు వింటున్న రూమర్స్‌ అలా దక్కినదే.

చోటు దక్కని పాట

విజయం వెనుక ఒక గాయం కూడా ఉంది. నిక్స్‌ ఎంతో మక్కువతో రాసుకొన్న ‘సిల్వర్‌ స్ప్రింగ్స్‌’ పాటను ఆల్బమ్‌ నుంచి తప్పించారు. కారణం నిడివి. గ్రామఫోన్‌ రికార్డులో ఒక్కో వైపు సుమారు 20 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై ధ్వని బలహీనపడుతుంది. ఆమెదే అయిన మరో పొట్టి పాటకు మిగతావారు ముందుగా వాద్యాలు సిద్ధం చేసి, ఆ తర్వాతే ఆమెకు సంగతి చెప్పారు. ఆమె తీవ్రంగా బాధపడ్డారు. అయినా వచ్చి పాడారు. ‘సిల్వర్‌ స్ప్రింగ్స్‌’ను ‘గో యువర్‌ ఓన్‌ వే’ సింగిల్‌ రికార్డుకు రెండో వైపున వేశారు. ఆ పాట హక్కుపై తలెత్తిన వివాదం 1990ల ఆరంభంలో ఆమె బృందాన్ని వీడటానికి ఒక కారణమైంది. అయిదుగురూ తిరిగి కలిసిన 1997 నాటి కచేరీలో, బకింగ్‌హామ్‌ వైపు సూటిగా చూస్తూ ఆమె దాన్ని పాడారు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా ఆ పాటకు గుర్తింపు దక్కింది.

జనం మెచ్చారు.. కాలం నిలిపింది

విడుదలైన ఏడాదిలో రూమర్స్‌ అమెరికాలో 31 వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. ఇందులోని నాలుగు పాటలు అమెరికా సింగిల్స్‌ జాబితాలో మొదటి పదిలోకి చేరాయి. 1978లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం లభించింది. బ్రిటన్‌లో కరకు పంక్‌ సంగీతం చెలరేగిన కాలమది. ఇంత నున్నని సంగీతం యువతకు పాతబడిందన్న వాదన వినిపిస్తున్న ఆ దేశంలోనూ 1978 జనవరిలో అది మొదటి స్థానం అందుకొంది. దీని తర్వాత 1979లో వెలువడిన ‘టస్క్‌’ పది లక్షల డాలర్లకు పైగా ఖర్చుతో తయారైనా, అమ్మకాల్లో దీని దరిదాపులకు రాలేదు.

‘డోంట్‌ స్టాప్‌’ 1992లో బిల్‌ క్లింటన్‌ ఎన్నికల ప్రచార గీతమైంది. 1993 జనవరిలో ఆయన ప్రమాణస్వీకార వేడుకల్లో అయిదుగురూ కలిసి దాన్ని పాడారు. 2018లో అమెరికా లైబ్రరీ ఆఫ్‌ కాంగ్రెస్‌ జాతీయ ధ్వని భాండాగారానికి రూమర్స్‌ను ఎంపిక చేసింది. 2020లో స్కేట్‌బోర్డుపై సాగిపోతూ ‘డ్రీమ్స్‌’కు పెదవులు కదిపిన ఒక వ్యక్తి వీడియో ప్రపంచమంతా చుట్టివచ్చింది. దాంతో ఆల్బమ్‌ మళ్లీ అమెరికా తొలి పదిలోకి వచ్చింది. విన్నవారిలో చాలామంది 1977 నాటికి పుట్టనివారే.

మూల్యం మాత్రం తక్కువేమీ కాదు. కొకైన్‌ వ్యసనం నుంచి బయటపడేందుకు నిక్స్‌ 1986లో చికిత్స తీసుకోవలసి వచ్చింది. బకింగ్‌హామ్‌ ఒకసారి తానుగా వెళ్లిపోయారు, 2018లో బృందమే ఆయనను పంపేసింది. 2022 నవంబరు 30న క్రిస్టీన్‌ కన్నుమూయడంతో ఆ అయిదుగురు మళ్లీ ఒక వేదికపై కలిసే అవకాశం శాశ్వతంగా పోయింది. బాధే గొప్ప కళకు మూలమని ఈ గాథను చూపి చెప్పేవారున్నారు. బాధ అందరికీ ఉంటుంది. ఎదుటివాడి పాట తనను గాయపరుస్తున్నదని తెలిసి కూడా, దానికి శ్రుతి తప్పకుండా వాయించగల నిగ్రహమే అరుదు. రూమర్స్‌లో నేటికీ వినిపిస్తున్నది ఆ నిగ్రహమే.