విత్తన కంపెనీ చేతులు మారితే రైతుకేంటి?

పాములపాడు మండలంలో మిరప, మొక్కజొన్న వేసే రైతు విత్తన ప్యాకెట్టు మీద పేరు చూస్తాడు, ధర చూస్తాడు. ఆ కంపెనీ ఎవరి చేతుల్లోకి పోయిందో మనకెందుకులే అనుకుంటాడు. కానీ అంగట్లో పది పేర్లున్నా వాటి వెనక యజమానులు ఇద్దరే అయితే, వాళ్లు చెప్పిందే ధర.

అందుకే పెద్ద కంపెనీలు ఒకదాన్నొకటి కొనేముందు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌కు చెప్పి అనుమతి పొందాలి. 2011 జూన్ 1 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. 2018లో బేయర్ కంపెనీ మోన్‌శాంటోను కొన్నప్పుడు కమిషన్ ఊరికే ఒప్పుకోలేదు. బేయర్ తన కూరగాయల విత్తన వ్యాపారాన్ని వదులుకోవాలని, మహికోలో మోన్‌శాంటోకున్న 26 శాతం వాటాను అమ్మేయాలని షరతులు పెట్టింది.

చిన్న కంపెనీల సంగతి వేరు. అమ్ముడుపోయే కంపెనీకి మన దేశంలో ఆస్తులు 450 కోట్లు మించకపోయినా, ఏడాది అమ్మకాలు 1,250 కోట్లు మించకపోయినా ముందుగా చెప్పనక్కర్లేదు. రెండిట్లో ఏ ఒక్కటి తక్కువున్నా చాలు. 2024 మార్చికి ముందు ఇవి 350, 1,000 కోట్లే. ఒప్పందం విలువే 2,000 కోట్లు దాటి, ఆ కంపెనీకి ఇక్కడ గణనీయంగా వ్యాపారం ఉంటే మాత్రం మినహాయింపు దక్కదు. ఇది 2024 సెప్టెంబరు 10 నుంచి వచ్చిన మార్పు. మామూలు జిన్నింగ్ మిల్లు, జిల్లా స్థాయి విత్తన కంపెనీ ఈ లెక్కకు చాలా దిగువనే ఉంటాయి. ఎవరైనా ఏడాదికొకటి చొప్పున అలాంటివి కొనుక్కుంటూ పోతే ఢిల్లీకి కబురే అందదు. చట్టంలో ఇదొక కంత అనే చెప్పాలి.

అమెరికాలోనూ ఇలాంటి మినహాయింపులున్నాయి. అక్కడ హోటల్ కొంటే ముందస్తు నోటీసు అక్కర్లేదు, జూదశాలకు తప్ప. సాగుభూమి కొన్నా అక్కర్లేదు. అయితే ఆ భూమితోపాటు కోళ్లను కోసి ప్యాక్ చేసే ప్లాంటు కూడా కొంటే, ప్లాంటుకు ఆ మినహాయింపు లేదు. పండించే చోటికన్నా సరుకు కొనే చోటే పెత్తనం పుడుతుందని వాళ్లు గ్రహించారు కాబోలు!

రైతు సోదరులు ఒకటి గమనించాలి. మినహాయింపు నోటీసుకే గానీ, తర్వాత చేసే పనులకు కాదు. కంపెనీలు కూడబలుక్కుని ధర పెంచినా, పెత్తనమున్న కంపెనీ ఆ బలంతో 'ఈ మందు కొంటేనే ఆ విత్తనం' అని మెలిక పెట్టినా కమిషన్ విచారించొచ్చు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. 2006లో బీటీ పత్తి రాయల్టీ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అప్పటి ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కెక్కింది. ఆ ఏడే 450 గ్రాముల ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. అంతకుముందు దాదాపు 1,850 ఉండేది! బీటీ పత్తికి 2016 నుంచి కేంద్రమే గరిష్ఠ ధర కడుతోంది. మిరప, మొక్కజొన్న హైబ్రిడ్లకు ఆ అండ లేదు.

కాబట్టి విత్తనం కొన్నప్పుడు లాటు నంబరు, ధర వేసిన బిల్లు అడిగి తీసుకోండి. విత్తనంతోపాటు మందు అంటగడితే అది కూడా అదే బిల్లులో రాయించండి. ఖాళీ ప్యాకెట్టును పంట చేతికొచ్చేదాకా పారేయకండి.